వాడింది వాడు, కట్టేది మీరు

సిమ్ కార్డు అమ్మేటప్పుడు కంపెనీకి మన మీద ఉండే నమ్మకం చూస్తే కళ్లు చెమరుస్తాయి. బస్టాండు ముందు రంగుల గొడుగు కింద కూర్చున్న కుర్రాడు ఆధార్ నంబరు అడుగుతాడు. వేలిముద్ర వేయించుకుని, "సరిగ్గా పడలేదండీ, ఇంకోసారి" అంటాడు. ఆ ఇంకోసారి వేసిన వేలికి మరో సిమ్ పుట్టిందని మనకు తెలిసేది, ముక్కూ మొహం తెలియని నంబరు తాలూకు పోస్ట్‌పెయిడ్ బిల్లు మన పేరున వచ్చినప్పుడే. నమ్మకం అంతటితో సరి. "ఈ ఫోను నాది కాదు మహాప్రభో" అన్న క్షణం నుంచి మనం అనుమానితులం.

కస్టమర్ కేర్‌కు ఫోను చేస్తారు.

"మీ రిజిస్టర్డ్ నంబరుకు ఓటీపీ పంపాం, చెప్పండి సార్."

"ఆ నంబరే నాది కాదమ్మా, అదే కదా గొడవ."

"అర్థమైంది సార్. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. ఓటీపీ చెప్పండి."

ఇక ఒకటే దారి. మన పేరు వాడుకుంటున్న ఆ పెద్దమనిషికే ఫోను చేసి, "బాబూ, నీ మీద ఫిర్యాదు పెట్టాలి, ఆ ఆరంకెలు కాస్త చెబుతావా" అని బతిమాలుకోవాలి. నంబరు ఎలాగూ బిల్లు మీద అచ్చేసే ఉంది, ఆ సౌకర్యానికి కంపెనీకి దణ్ణం పెట్టాలి. పోనీ షోరూముకు వెళితే ఆధార్ జిరాక్సు మీద సంతకం పెట్టి ఇమ్మంటారు. మొదటి దొంగకు పనికొచ్చిన సరంజామాయే, రెండోవాడి కోసం ఇంకో కాపీ.

కాగితం మీద న్యాయానికి లోటేమీ లేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నాటి నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకూ డాకెట్ నంబరు ఇవ్వాలి, తృప్తి లేకపోతే అప్పీలు, దాన్ని 39 రోజుల్లో తేల్చాలి. నలభై అంటే మరీ ఎక్కువనుకుంటామని కాబోలు! అప్పీలు వినేదెవరంటారా? ఆ కంపెనీవాళ్లే.

కోర్టుకెక్కుతానంటారా, ఎక్కండి. ఫోను బిల్లు గొడవలకు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలో మధ్యవర్తి ఉన్నాడు గనుక వినియోగదారుల ఫోరం గడప తొక్కొద్దని 2009లో సుప్రీంకోర్టు అంది. 2013 జూలైలో దేశంలో టెలిగ్రాములు ఆగిపోయాయి, చట్టం మాత్రం అప్పటికింకా నిక్షేపంగానే ఉంది. ఆ ఏడాది చివర్లోనే, నెలకు సగటున 555 రూపాయలు కట్టే అహ్మదాబాద్ వినియోగదారుడికి 24,609 రూపాయల బిల్లొచ్చింది. ఆయన 2014లో ఫోరానికి వెళ్లాడు. అసలు ఈ కేసు వినే అధికారం ఫోరానికి ఉందా అన్న ఒక్క ముక్క మీద కంపెనీ ఢిల్లీ దాకా పోరాడింది. ఉందని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఎనిమిదేళ్లకు తేలింది బిల్లు కాదు, ఏ గుమ్మం ముందు ఏడవాలన్నది.

2023 మే నుంచి సంచార్ సాథీ పోర్టల్ ఉంది. మన పేరున ఎన్ని సిమ్‌లున్నాయో చూసుకుని, తెలియనిదాని ఎదుట "నాది కాదు" అని నొక్కొచ్చు. మంచి పనే, కాదనను. కాకపోతే ఎవరి పేరుతో ఎవరికి అమ్ముకున్నారో కంపెనీల తరఫున మనమే గస్తీ తిరగాలి, జీతం లేకుండా. ఇక బాకీ మాఫీ చేయించడం ఆ పోర్టల్ పని కాదు.

ఆ బాకీ కోసం వచ్చే వసూలు ఏజెంటుకు ఓటీపీతో పని లేదు. మన ఇల్లు, ఆఫీసు, బావమరిది నంబరు అన్నీ అతనికి కంఠోపాఠం. ఆ తర్వాత లోక్ అదాలత్ పేరు వేసిన నోటీసు.

నిజానికి రుజువంతా కంపెనీ బీరువాలోనే ఉంది. సిమ్ అమ్మినప్పుడు నింపిన దరఖాస్తు, దాని మీద అప్పటికప్పుడు తీసిన ఫొటో, అమ్మిన దుకాణం పేరు. ఆ మొహం నాదో కాదో చూస్తాను, ఒక్క కాపీ ఇవ్వండని అడిగి చూడండి.

"సారీ సార్. కస్టమర్ వివరాలు బయటివాళ్లకు ఇవ్వం."