రుచి ఉంది, రీచ్ లేదు

మంగళవారం పోలీసులు ట్రాఫిక్ ఆగుతోందని భోజనాల బండి తీసేయమన్నారు. బుధవారం ముఖ్యమంత్రి ఉండనివ్వమన్నారు. మధ్యలో ఒక్క రాత్రి. సచివాలయంలో ఇంత త్వరగా తేలిన ఫైలు ఇంకొకటి ఉంటే చూపించండి, దానికి నేనే దండ వేస్తాను. రీల్స్‌లో వైరల్ అయిన ఆ మాదాపూర్ భోజనాల ఆంటీని అక్కడినుంచి కదిలించొద్దని రేవంత్ రెడ్డి గారు డీజీపీకే చెప్పారు. త్వరలో తానే వస్తానని కూడా అన్నారు. ఆంటీ నిలబడినందుకు నాకూ సంతోషమే. ఆమె లివర్ ఫ్రై కోసం డీజీపీ దాకా వెళ్లిన ప్రభుత్వాన్ని కాదనేంత శాకాహారిని కాను.

కాకపోతే ఆ ఒక్క మాటతో ఈ నగరంలో కొత్త లైసెన్సు ఒకటి పుట్టింది. జీవో ఇంకా రాలేదు గానీ నిబంధనలు తెలిసిపోయాయి. హైదరాబాద్‌లో ఫుడ్ ట్రక్ పెట్టుకుందామని ఉద్యోగం మానేసి కూర్చున్న యువతరం కోసం వాటిని ఇక్కడ అచ్చు వేస్తున్నాను.

ఇన్నాళ్లూ మీరేం చేసేవారు? సెకండ్ హ్యాండ్ టాటా ఏస్ కొని, షెడ్డులో పక్కభాగం కోయించి, కౌంటర్ బిగించి, బండి రూపం మార్చినందుకు ఆర్టీవో అనుమతి కోసం తిరిగేవారు. ఏడాదికి 100 రూపాయలు కట్టి ఆహార భద్రత రిజిస్ట్రేషన్ తీసుకునేవారు. 19 కిలోల కమర్షియల్ సిలిండర్ కోసం డబ్బు సర్దేవారు. అంతా దండగ. ఇకమీదట పెట్టుబడిలో మొదటి ఖర్చు రింగ్ లైటు. మొదట పెట్టుకోవాల్సింది కెమెరామన్‌ని. వంటమనిషి సంగతి వ్యూస్ వచ్చాక చూసుకోవచ్చు.

ఆర్టీవో పరీక్ష కూడా మారింది. ఎయిట్ వేయాల్సింది బండితో కాదు, గరిటెతో. కుడిచేత్తో బగారా అన్నం వడ్డిస్తూ, ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని, కెమెరా వైపు తిరిగి ఆంటీలాగే 'నాన్నా' అని పిలవాలి. చెయ్యి వణికితే ఫెయిలు. ఫుడ్ ఇన్‌స్పెక్టర్ కూరలో ఉప్పు చూడడు, మీ డైలాగులో చూస్తాడు.

ఇక శ్లాబులు. పదివేల వ్యూస్ దాటితే హోంగార్డు మిమ్మల్ని 'అన్నా' అంటాడు. లక్ష దాటితే ఎస్సై సెల్ఫీ దిగుతాడు, ఆ నెల మామూలు ఆయనే మర్చిపోతాడు. పది లక్షలకు కార్పొరేటరు వచ్చి మీది తమ ఊరేనని చెబుతాడు. కోటి దాటితే ముఖ్యమంత్రి. వెయ్యి లోపల ఉన్నవాళ్లకు మాత్రం పాత పద్ధతే: 'ఏయ్, బండి తీయ్!'

లైసెన్సు గడువు పదిహేను రోజులు. జనం మరో రీల్‌కి వెళ్లిపోగానే అది చెల్లదు. కానిస్టేబుల్ వచ్చి ఫోన్ తెరిచి, 'అమ్మా, ఈ వీడియో పోయిన నెలది. రెన్యూవల్ ఏదీ?' అంటాడు. కెమెరా ముందు ఏడిస్తే నెల పొడిగింపు. పక్క బండివాడితో గొడవ పెట్టుకుంటే మూడు నెలలు. ఇద్దరూ కలిసి యూట్యూబ్ స్టూడియోలో కూర్చుని తిట్టుకుంటే ఇద్దరికీ శాశ్వత పర్మిట్. అమీర్‌పేటలో ఈపాటికే కోచింగ్ బోర్డు కట్టి ఉంటారు: '45 రోజుల్లో వైరల్, మెటీరియల్ ఉచితం'.

మొదటి రోజే తిరిగొచ్చిన దరఖాస్తు కోఠి మిర్చిబజ్జీ బండాయనది. వాము, చింతపండు కూరి, ఉల్లిపాయ చల్లి ఇస్తాడు. జనం నిలబడి తింటారు. కానీ మనిషి మాట్లాడడు. చిల్లర లేదని చెప్పడానికి కూడా తల అడ్డంగా ఊపుతాడు, అంతే. అధికారి ఎర్ర ఇంకుతో రాశాడు: 'రుచి ఉంది, రీచ్ లేదు. తిరస్కరించడమైనది.'

ఆయన ఏం చేయాలి? ఈ వయసులో డాన్సు నేర్చుకోవాలా?

అసలు సంగతి చెప్పనివ్వండి. ఇవన్నీ రాయడానికి నాకు కొత్త జీవో అక్కర్లేకపోయింది, ఎందుకంటే ఉన్న చట్టాన్ని ఎవరూ తెరవడం లేదు. వీధి వ్యాపారుల కోసం 2014లో పార్లమెంటు చట్టం చేసింది. ఊళ్లో ఎవరెవరు బండి పెట్టుకున్నారో సర్వే చేయాలి, సర్టిఫికెట్లు ఇవ్వాలి, అప్పటిదాకా ఎవరినీ లేపకూడదు. ఏ వీధిలో ఎక్కడ అమ్ముకోవచ్చో చూసే కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి. చోటు మార్చాలంటే 30 రోజుల ముందు నోటీసు. సామాను పట్టుకుపోతే జాబితా రాసివ్వాలి, పాడైపోయే సరుకు అడిగిన రోజే తిరిగివ్వాలి. లారీ ఎక్కిన ఇడ్లీ పిండి అదే రోజు వెనక్కి వచ్చిందని చెప్పే టిఫిన్ బండామెను నాకు ఒక్కరిని చూపించండి.

ట్రాఫిక్ ఆగింది నిజమే. ఆంటీ దగ్గరికి కార్లేసుకొచ్చి రోడ్డు మీదే ఆపినవాళ్ల చలాన్లు ఎన్ని? ఆ రెండు రోజుల్లో ఇన్ని కెమెరాల్లో ఒక్కటైనా 'నోటీసు ఇచ్చారా?' అని అడిగిందా? పోలీసు తీయమంటే తీయడం, ముఖ్యమంత్రి పెట్టమంటే పెట్టడం... రెండింట్లోనూ చట్టం లేదు. హక్కుగా రావాల్సిన దాన్ని దయగా వడ్డించి చప్పట్లు కొట్టించుకున్నారు. ఆ మంగళవారమే పేరు లేని ఎన్ని బండ్లు లారీ ఎక్కాయో ఎవడికీ పట్టలేదు. వాళ్లకు ఫోన్ చేయడానికి డీజీపీ లేడు, బోర్లాపడిన అన్నానికి లెక్క రాసేవాడూ లేడు. సిగ్గులేని పని ఇది.

వస్తానన్నారుగా, రండి ముఖ్యమంత్రి గారూ. భోంచేయండి, బిల్లు కట్టండి. తర్వాత ఆ వరసలో మిగతా బండ్ల దగ్గర ఆగి సర్టిఫికెట్ ఉందా అని అడగండి. ఉంటే పోలీసులు ఎందుకు లేపుతున్నారో డీజీపీని అడగండి. లేకపోతే ఎందుకు ఇవ్వలేదో మున్సిపల్ కమిషనర్‌ని అడగండి. వాళ్లు జవాబు చెప్పేటప్పుడు కెమెరాలు ఆన్‌లో ఉంచండి.