అయిదు యెన్ల నాణెం స్వీయచరిత్ర

హెయిసెయి శకం రెండవ సంవత్సరంలో, అనగా 1990లో, ముద్రితమైన ఈ జపాన్ నాణెం తన చరిత్రను ఒక పన్నుతో ప్రారంభించవలసి ఉన్నది. 1989 ఏప్రిల్ 1న ఆ దేశంలో కొనుగోళ్లపైన 3 శాతం వినియోగ పన్ను అమలులోకి రావడంతో, పదులలో తెగే ధరలు ఒకట్లలోకి దిగి, చిన్న నాణేలకు గిరాకీ పెరిగిన కాలంలో అది పుట్టింది.

ఇత్తడితో చేసిన దాని బరువు 3.75 గ్రాములు, జపాన్ పాత తూనిక అయిన మొమ్మె సరిగ్గా అంతే. 1949లో మొదలైన రూపాన్ని అనుసరించి నడుమ రంధ్రం, దాని చుట్టూ పళ్లచక్రం, పైన వరికంకి, అడుగున నీటిగీతలు ఉన్నాయి. యుద్ధంలో చితికిన దేశం పరిశ్రమను, సేద్యాన్ని, చేపలవేటను నమ్ముకొని లేచిన సంగతిని ఇవి తెలుపుతాయి. విలువ మాత్రం కాంజీలో, అనగా చైనా నుండి వచ్చిన భావలిపిలో, ఉన్నది. వాడుకలోని మిగిలిన అయిదు రకాల నాణేలపైన 1, 10 వంటి అంకెలు ఉండగా దీనిపైన లేకపోవడం వల్ల, తన ముఖాన్ని చదవలేని చేతులలోకి పోవడం ఈ నాణేనికి అలవాటే.

విదేశీ ప్రయాణికుడు దుకాణంలో డబ్బును నేరుగా చేతికి అందించబోతాడు. గల్లాపెట్టె దగ్గర ఉన్నవారు ఎదుట ఉన్న చిన్న పళ్లేన్ని చూపుతారు. ఇచ్చిన సొమ్ము ఇద్దరి కళ్ల ఎదుటా ఆ పళ్లెంలోనే ఉంటుంది గనుక లెక్కలో వివాదానికి తావు తక్కువ. చిల్లర లేదని చాక్లెట్ చేతిలో పెట్టడాన్ని ఎరిగిన తెలుగు ప్రయాణికునికి, ఒక్క యెన్ కూడా తగ్గకుండా చిల్లర తిరిగి రావడం, పైగా సిబ్బంది బక్షీసు ఆశించకపోవడం ప్రత్యేకంగా కనిపిస్తాయి. చిన్న మొత్తాన్ని ఇంత శ్రద్ధగా లెక్కించడం కొనుగోలుదారుకు చూపే నిజమైన గౌరవమని ఈ నాణెం విశ్వాసం.

యంత్రాల వద్ద ఆ ఆదరణ లేదు. వీధివీధినా శీతల పానీయాలు అమ్మే యంత్రాలు సాధారణంగా 10 యెన్లకు తక్కువ నాణేలను తీసుకోక కిందికి వదిలేస్తాయి. షింటో ఆలయాల కానుకపెట్టెలలో మాత్రం అయిదు యెన్లు వేయడం శుభమని భక్తుల నమ్మకం.

జపాన్ బయట నగదు మార్పిడి చేసేవారు సాధారణంగా నోట్లనే తీసుకొంటారు, నాణేలను తీసుకోరు. కనుక అక్కడికి వెళ్లే పాఠకులు తిరుగు ప్రయాణానికి ముందే ఇటువంటి నాణేలను ఆ పళ్లేలలోనో కానుకపెట్టెలలోనో వేసి, వాటిని చలామణిలోనే ఉంచవలసిందిగా మనవి.