ఒక్క ముక్కేగా!

మహాభారత కథలోకి మనల్ని తీసుకెళ్లేది ఒక కుక్క పెట్టిన కేసు. జనమేజయుడు యాగం చేస్తుంటే ఆ చుట్టుపక్కల తిరుగుతున్న కుక్కపిల్లను ఆయన తమ్ముళ్లు చితకబాదారు. అది కుయ్యోమంటూ తల్లి సరమ దగ్గరకు పరుగెత్తింది. హవిస్సు వంక చూడనూ లేదు, నాలుక పెట్టనూ లేదని సంస్కృత మూలంలో ఆ పిల్ల ఇచ్చుకున్న వాంగ్మూలం. సరమ ఆ మాట నమ్మి, వెళ్లి రాజును నిలదీసి, శపించి మరీ వచ్చింది. జనమేజయుడు హడలిపోయి, శాపశాంతికి తగిన పురోహితుణ్ని వెతుక్కుంటూ పోయాడు. ఆ కథ విన్నవాళ్లంతా కుక్కపిల్ల పక్షమే. మా ఇంట్లోకి బీగిల్ వచ్చాక మాత్రం, తమ్ముళ్ల వాదన కూడా ఒకసారి విని ఉండాల్సింది అనిపిస్తోంది.

బీగిల్ ఎలా ఉంటుందో తెలియనివాళ్ల కోసం: మోకాలి దాకా రాని ఎత్తు, వేలాడే చెవులు, మూడు రంగుల ఒళ్లు, నిన్ననే ఐపీ పెట్టినవాడి కళ్లు. మావాడి పేరు షెర్లాక్. పెట్టింది మా అబ్బాయి. ‘అపార్ట్‌మెంటుకు బాగా సరిపోతుందండీ, నోట్లో వేలు పెట్టినా కొరకదు’ అన్నాడు అమ్మినతను. అబద్ధం చెప్పలేదు. వేలు కొరకడు. ఆ వేలికి అంటిన నెయ్యి, ఆ నెయ్యి తుడిచిన గుడ్డ, ఆ గుడ్డ పడేసిన బకెట్ మూత వేరే పద్దు కింద వస్తాయి.

స్టాన్లీ కోరెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1994లో కుక్కల తెలివితేటల మీద ఒక పుస్తకం రాశాడు. శునక పోటీల్లో మార్కులు వేసే జడ్జిలను అడిగి, చెప్పిన మాట వినడంలో ఏ జాతిది ఎన్నో ర్యాంకో తేల్చాడు. బోర్డర్ కోలీ ఫస్టు. లాబ్రడార్ ఏడు. బీగిల్ అట్టడుగు వరసలో ఎక్కడో ఉంది. ర్యాంకుల పిచ్చి మన కార్పొరేట్ కాలేజీలకే అనుకున్నాను, కుక్కలను కూడా వదల్లేదన్నమాట. అయినా ఈ ర్యాంకు అన్యాయం. ‘రా’ అంటే షెర్లాక్‌కు శుభ్రంగా అర్థమవుతుంది. కాకపోతే వాడి లెక్కలో అది ఆజ్ఞ కాదు, టెండరు. మన చేతిలో ఏముందో చూసి, సోఫా కింద ఉన్నదానితో పోల్చుకుని, ఆ తర్వాత నిర్ణయం తీసుకుంటాడు.

ఇదే బీగిల్‌ను అమెరికా వ్యవసాయ శాఖ 1984 నుంచి ఎయిర్‌పోర్టుల్లో ఉద్యోగంలో పెట్టుకుంది. బీగిల్ బ్రిగేడ్ అంటారు. ఆకుపచ్చ కోటు తొడుక్కుని సామాన్ల మధ్య తిరుగుతుంది. పెట్టెలో పళ్లో మాంసమో ఉన్నట్టు వాసన తగిలితే, ఆ పెట్టె పక్కన బుద్ధిగా కూర్చుంటుంది. కూతురి పురిటికని డాలస్ వెళుతూ పట్టుచీరల మడతల్లో బంగినపల్లి పళ్లు సర్దుకున్న తల్లులు ఎందరు దాని ముందు దోషులుగా నిలబడ్డారో! జీతం చిన్న తినుబండారం ముక్క. అక్కడ పెట్టె పక్కన కూర్చుని ఆఫీసరు కోసం ఎదురుచూసే జాతి, మా ఇంట్లో జిప్పు కూడా తనే తీసుకుంటుంది.

పై అంతస్తులో సీజర్ అని లాబ్రడార్ ఉంది. మొండితనం పాలు తక్కువ, దాని జబ్బు వేరు. కడుపు నిండిందన్న కబురు మెదడుకు సరిగా చేరదు. పీఓఎంసీ అనే జన్యువులో చిన్న ముక్క ఎగిరిపోవడం వల్ల దాదాపు నాలుగు లాబ్రడార్లలో ఒకదానికి ఈ గొడవ ఉంటుందని 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు చెప్పారు. తమాషా ఏమిటంటే, వాళ్లు పరీక్షించిన సహాయక కుక్కల్లో, అంటే శిక్షణ పొంది వికలాంగులకు తోడుండే వాటిలో, 76 శాతానికి ఈ లోపం కనిపించింది. ఆకలి తీరని ప్రాణికి పని నేర్పడం తేలిక కాబోలు. దయచేసి ఈ సంగతి ఏ కంపెనీ హెచ్‌ఆర్ వాళ్ల చెవినా వేయకండి. సీజర్ యజమాని మాత్రం ఈ పరిశోధనను చక్కగా వాడుకుంటున్నారు. ‘జీన్స్ అండీ, మన చేతుల్లో ఏముంది?’ అంటూ ఇంకో ఇడ్లీ తుంచి పెడుతున్నారు.

కుక్క మొండిదని లోకమంతా అంటుంది కదా, మా ఇంట్లో కుక్క మూడో స్థానంలో ఉంది. ఫ్రిజ్ మీద కాగితం అంటించాం: షెర్లాక్‌కు ఎవరూ ఏమీ పెట్టకూడదు. అందరూ చదివారు, అందరూ సంతకం పెట్టినంత పని చేశారు. ‘ఒక్క ముక్కకు ఏమవుతుంది నాయనా’ అంటారు మా అత్తయ్య. ‘ఒక్క ముక్కేగా’ అంటుంది మా ఆవిడ. వాచ్‌మన్‌ది బిస్కెట్ ముక్క, పనమ్మాయిది పూరీ ముక్క, మా అబ్బాయిది చాక్లెట్ ముక్క. ఆ చాక్లెట్‌లో కుక్కకు పడని థియోబ్రొమిన్ దాని ఒంట్లోంచి సగం వదలడానికే 17 గంటల పైన పడుతుందని తెలిసిన తర్వాత మా అబ్బాయి కొంత తగ్గాడు. ఇప్పుడు చిన్న ముక్కే పెడుతున్నాడు.

తిరుపతి నుంచి ఎవరైనా లడ్డూ తెస్తే వాటాలు వేసేటప్పుడు షెర్లాక్‌కు కూడా ఒక వాటా. ప్రసాదం కాదనకూడదు. ఆ వాటాలో కిస్‌మిస్ రాకూడదని మాత్రం ఎవరికీ తోచదు.

అసలు కథ చింతపండుది. ఎండాకాలం రాగానే మా అత్తయ్య ఏడాదికి సరిపడా కొత్త చింతపండు తెప్పించి, హాల్లో పాత చీర పరిచి, కత్తిపీట వేసుకుని కూర్చుంటారు. ఈనె లాగి, గింజ రాల్చి, పండును పళ్లెంలోకి విసురుతుంటారు. ఎదురుగా షెర్లాక్ ముందుకాళ్ల మీద గడ్డం ఆనించి పడుకుంటాడు. కళ్లు మూసే ఉంటాయి. పళ్లెం కదిలినప్పుడల్లా ముక్కు మాత్రం కదులుతుంది. ఒక రెబ్బ గురి తప్పి చీర అంచు మీద పడిందా, కన్ను తెరవకుండానే అందుకుంటాడు. ‘పులుపు కదా, ఉమ్మేస్తాడులే’ అంటారు అత్తయ్య. ఉమ్మడు. మూతి వంకరలు తిప్పి, తల నుంచి తోక దాకా ఒకసారి విదిల్చుకుని, మళ్లీ గడ్డం ఆనిస్తాడు.

ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తాయని తెలిసినా, వాటిలో చెడు చేసేదేమిటో చాలాకాలం అంతుపట్టలేదు. పిల్లలు ఆడుకోవడానికి ఇంట్లో కలిపిన పిండిముద్దను తిని అదే జబ్బు పడిన ఒక కుక్క వల్ల కూపీ లాగారు అమెరికా పశువైద్య నిపుణులు. ఆ పిండిలో క్రీమ్ ఆఫ్ టార్టార్ కలుపుతారు. దాంతో టార్టారిక్ ఆమ్లం మీద అనుమానం పడి, 2021లో ఆ సంగతి బయటపెట్టారు. ఆ ఆమ్లం పుష్కలంగా ఉండేది ఎందులో అనుకున్నారు? మన చింతపండులో. పులిహోర, పులుసు, పచ్చిపులుసు, పప్పుచారు... తెలుగువాడి వంటింటి గుమ్మానికే ప్రమాద సూచిక వేలాడదీయాలి.

ఇదంతా విడమరిచి చెబితే మా అత్తయ్య ఒక్క ముక్కలో కొట్టిపారేశారు. ‘మా నాన్నగారింట్లో కుక్క పదిహేనేళ్లు పులుసన్నమే తింది.’ ఈ కుక్క నాకు బాగా తెలుసు. ప్రతి తెలుగింటి గతంలోనూ ఒకటుంటుంది. అది అన్నీ తింది, ఏ డాక్టరునూ చూడలేదు, ఎప్పుడూ జబ్బు పడలేదు. ఎందుకు పోయిందో మాత్రం ఎవరికీ గుర్తుండదు.

మా ఆవిడది వేరే పద్ధతి. ఆదివారం మటన్ ముక్కను కుళాయి కింద పెట్టి, ‘కడిగే పెట్టానండీ’ అంటుంది. ఉల్లి, వెల్లుల్లి ఉడికినా వేగినా పొడి అయినా, కుక్క రక్తంలోని ఎర్రకణాలను చిట్లగొట్టే గుణం పోదు. ఆ రసం ముక్కలోకి ఇంకాక కడిగితే పోయేది కారం ఒక్కటే. పైగా లక్షణాలు బయటపడటానికి కొన్ని రోజులు పడుతుంది. ఆదివారం కూర గురువారం నీరసమై తేలితే, నేరం గురువారం వాణ్ని వాకింగ్‌కు తీసుకెళ్లినవాడి మీద పడుతుంది. అంటే నా మీద. ఇక ఉడికిన ఎముక పేళ్లుగా చీలి పేగును గుచ్చుతుంది, మామిడి టెంక అడ్డం పడితే కోసి తీయడమే. షుగర్‌లెస్ చూయింగ్ గమ్‌లో జైలిటాల్ ఉంటే కుక్క రక్తంలో చక్కెర ధబాలున పడిపోతుంది.

మొన్న షెర్లాక్‌కు వాంతులు పట్టుకుని పెరుగన్నం కూడా ముట్టకపోతే ఆస్పత్రికి తీసుకెళ్లాం. వాడు తిండి మానేశాడంటే అది మామూలు విషయం కాదు, రాజ్యాంగ సంక్షోభం. ‘ఏం పెట్టారు?’ అన్నారు డాక్టరుగారు. ‘ఏమీ లేదండీ, పెరుగన్నమే’ అని ముగ్గురు ఒకే గొంతుతో పలికారు. ఆయన ఎక్స్‌రే తీసి, వెలుగుకు ఎత్తి చూపించారు. పొట్ట మధ్యలో నిండు పున్నమిలా గుండ్రంగా ఒక రూపాయి బిళ్ల. మా అత్తయ్య చటుక్కున చేతులు జోడించారు. పూజగదిలో ఏడుకొండలవాడికి కట్టిన ముడుపు అది.

‘స్వామివారి సొమ్ము బాబూ, హాని చేయదు’ అన్నారు.

‘సొమ్ము స్వామివారిదే అమ్మా, గుడ్డ ఎక్కడ?’ అన్నారు డాక్టరు. పసుపు గుడ్డ ఎక్స్‌రేలో కనబడదు, పేగులో మెలిపడేది అదేనట. స్కానింగ్ చేసి, మత్తిచ్చి, గొట్టం వేసి రెండూ లాగారు. బిల్లు కట్టిన డబ్బుతో కొండకు కుటుంబం మొత్తం వెళ్లి రావచ్చు.

కాబట్టి కుక్కను పెంచుకునేవాళ్లకు ఒక్క మాట. అది తినకూడనిది తింటే ఉప్పునీళ్లు పట్టకండి, ఉప్పు ఎక్కువైతే దానికి అదే ఇంకో విషం. వాట్సాప్‌లో బాబాయి చెప్పాడని నోట్లో వేళ్లు పెట్టి కక్కించకండి, పదునైనవి వచ్చేటప్పుడూ కోస్తాయి. తిన్నదాని రేపరో మిగిలిన ముక్కో పట్టుకుని వెంటనే పశువైద్యుడి దగ్గరకు వెళ్లండి. ఎప్పుడు తిన్నదో, ఎంత తిన్నదో చెప్పండి. ఎవరు పెట్టారని ఆయన అడగరు, ఏం పెట్టారనే అడుగుతారు. నిజం చెప్పండి. అత్తగారు పక్కనే ఉన్నా సరే.