ఓడ అడుగున జింకు దిమ్మ: ఒక జీవితకథ

ఈ జింకు దిమ్మ నివాసం ఉక్కు ఓడ అడుగుభాగం. చుక్కాని పక్కన, కంచు ప్రొపెల్లర్‌కు సమీపంలో, ఎప్పుడూ నీటిలో మునిగి ఉండే చోట, తనలో ఇమిడిన ఉక్కు పట్టీని ఓడకు వెల్డింగు చేయడం వల్ల అది అక్కడ నిలిచింది. ఓడకు బదులు తాను క్షీణించడమే దానికి అప్పగించిన పని.

దీని వంశం పాతది. జింకు 907 డిగ్రీల సెల్సియస్ వద్దే మరిగి ఆవిరైపోతుంది గనుక ఖనిజం నుంచి దాన్ని రాబట్టడం ఎంతో కష్టం. రాజస్థాన్‌లోని జావర్ లోహకారులు మట్టి మూసలను కొలిమిలో తలకిందులుగా నిలిపి, ఆవిరిని కిందికి దింపి చల్లార్చే విద్యను యూరప్ కంటే కొన్ని శతాబ్దాల ముందే సాధించారు.

సముద్రజలంలో సగటున 3.5 శాతం లవణాలు ఉంటాయి కాబట్టి అది విద్యుద్విశ్లేష్యంగా, అంటే అయాన్ల ద్వారా విద్యుత్తును మోసే ద్రవంగా పనిచేస్తుంది. అందులో ఉక్కు, కంచు ఒకదానికొకటి కలిసి ఉంటే, ఎలక్ట్రాన్లను సులువుగా వదిలే ఉక్కు ఆనోడ్‌గా మారి కరుగుతుంది. కంచు కాథోడ్‌గా మారి, ఆ ఎలక్ట్రాన్లను నీటిలో కరిగిన ఆక్సిజన్‌కు అందిస్తుంది. అలా వెలువడిన ఇనుము అయాన్లు చివరకు నీటితో కూడిన ఎర్రని ఆక్సైడుగా మారినప్పుడు దాన్నే తుప్పు అంటారు. ప్రమాణ ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ ఇనుముకు −0.44 వోల్టులు, జింకుకు −0.76 వోల్టులు, ఈ తేడా వల్ల దిమ్మను అతికించగానే ఆనోడ్ పాత్ర దానికి సంక్రమించి, రంగు గీసుకుపోయి బయటపడిన ఉక్కు సైతం కాథోడ్‌గా మారి సురక్షితంగా ఉంటుంది. ఇదే కాథోడిక్ రక్షణ.

ఈ ఉపాయాన్ని 1824లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ బ్రిటిష్ నౌకాదళం కోసం రూపొందించి, కొయ్య ఓడల అడుగున తాపిన రాగి రేకులు చెడకుండా వాటికి ఇనుము, జింకు ముక్కలను జోడించాడు. రాగి చెడలేదు గాని, కరిగే రాగి విషం వల్ల అంతవరకు దూరంగా ఉన్న నాచు, బార్నకిల్‌లు రేకుల నిండా పేరుకొని ఓడల వేగాన్ని తగ్గించడంతో నౌకాదళం ఆ పద్ధతిని విడిచిపెట్టింది. రక్షణ పూర్తిగా ఫలించినందువల్లే ఎదురైన ఈ ఓటమి లోహశాస్త్ర చరిత్రలో ఎంతో శ్రద్ధగా చదవదగిన ఘట్టం.

దిమ్మ పనితనం దాని శుద్ధతపై ఆధారపడుతుంది. జింకులో ఇనుము 0.005 శాతం మించితే పైన గట్టి పొర కట్టి కరగడం మందగించవచ్చు గనుక, పోత పోసేటప్పుడు కొద్దిగా అల్యూమినియం, కాడ్మియం కలుపుతారు. ఓడకు రంగు వేసేవారు దిమ్మకు కూడా రంగు పూస్తే నీటితో దాని సంబంధమే తెగిపోతుంది.

ఓడను డ్రై డాక్‌లోకి చేర్చి నీటిని తోడివేసినప్పుడు, గుంటలు పడి, తెల్లని పొడి కమ్మిన దిమ్మ కనిపిస్తే అనుభవజ్ఞులు తృప్తిపడి, బాగా అరిగినదాన్ని పట్టీ దగ్గర కోసి కొత్తది అతికిస్తారు. కొత్తదానిలా నునుపుగా మిగిలిన దిమ్మే వారిని కలవరపెడుతుంది. అతుకు విడిపోయిందో, రంగు అడ్డుపడిందో తేల్చుకోవడంతోపాటు, చుట్టూ ఉన్న ఉక్కు పలకల మందాన్ని అల్ట్రాసోనిక్ పరికరంతో చోటుచోటునా కొలవవలసి వస్తుంది.