చూరు పీకించింది ఎవరు?

మీ దగ్గర దాపరికం ఎందుకు? పక్కింటి డాబా మీద సెల్ టవర్ రాకుండా అడ్డుపడింది నేనే. ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించిందీ నేనే. అంతకు కొన్ని వారాల ముందే, 2018 నవంబరులో వచ్చిన ‘2.0’ సినిమా చూశాను. రేడియేషన్‌కు పిట్టలు రాలిపోతుంటే గుండె తరుక్కుపోయింది. మా వీధిలో పిచ్చుక కనబడి ఎన్నేళ్లయిందో!

దానికి తోడు ఒక కాగితం దొరికింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన విభాగం 2011లో రేడియో తరంగాలను ‘క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవి’ అన్న జాబితాలో చేర్చిందట. ‘అవకాశం’ అన్న మాట నా కంటికి ఆనలేదు. ఆ నిర్ణయానికి ముఖ్య ఆధారం టవర్లు కావనీ, ఫోన్ చెవికి ఆనించి ఏళ్ల తరబడి మాట్లాడినవాళ్ల మీద జరిపిన అధ్యయనాలనీ కింద రాసి ఉంది. కావలసిన ముక్క దొరికాక కింది పేరా ఎవరం చదువుతాం చెప్పండి?

టవర్ ఆగింది. నెలనెలా అద్దె వస్తుందనుకున్న పక్కింటాయన ఆశా పోయింది. మా ఇంట్లో సిగ్నలూ అంతంతమాత్రంగానే ఉండిపోయింది. రోజూ మెట్ల మీద నిలబడి, ఫోన్ చెవికి అదిమిపెట్టి గంటలు గంటలు మాట్లాడేవాణ్ణి. రేడియేషన్ ఆపుతుందని తొమ్మిది వందలు పోసి కొన్న స్టిక్కరొకటి దాని వెనక.

“సిగ్నల్ అందకపోతే ఫోన్ పవర్ పెంచుకుంటుంది మావయ్యా. ఈ స్టిక్కర్ నిజంగా అడ్డుపడితే ఇంకా పెంచుకుంటుంది. అదంతా నీ తల పక్కనే కదా!” అన్నాడు ఇంజినీరింగ్ చదివే మా మేనల్లుడు. మన దేశంలో టవర్ల రేడియేషన్ పరిమితిని అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతుకు 2012లోనే తగ్గించారని కూడా చెప్పాడు. నేను వినిపించుకోలేదు.

మార్చి 20, పిచ్చుకల దినం. వీధి వాళ్లంతా చేరారు, మైకు నా చేతికిచ్చారు, గొంతు పెంచాను, పిచ్చుకల ఉసురు టవర్లే పోసుకున్నాయన్నాను, చప్పట్లు మోగాయి, అంతలో ముందు వరసలోంచి మా అమ్మ లేచి, “మరి మన చూరు పీకించింది ఎవర్రా?” అనేసింది.

2009లో పెంకుటిల్లు పడగొట్టించి డాబా వేయించింది నేను. చూరులో గూళ్లున్నాయి, పిల్లలున్నాయి, నాలుగు రోజులు ఆగుదామని మేస్త్రీ అన్నాడు. ముహూర్తం దాటిపోతుందన్నాను. పిచ్చుక తన పిల్లలకు పురుగులు ఏరుకునే పెరటికి సిమెంటు చేయించాను. వసారాలో వేలాడే వరి కుచ్చు చెత్త రాలుస్తోందని తీయించేశాను. అవన్నీ మరిచిపోయి మైకు పట్టుకున్నాను.

తరంగాల మీద భయం నాకు పూర్తిగా పోలేదు. అందుకే ఇప్పుడు ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకర్లో మాట్లాడుతున్నాను. సిగ్నల్ లేనిచోట మాట్లాడటం మానేశాను.

మొన్న సంక్రాంతికి రెండు వరి కుచ్చులు అల్లించాను. ఒకటి మా వసారాలో కట్టి, రెండోది పట్టుకుని పక్కింటికి వెళ్లి, క్షమించమని అడిగాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత స్టూలు తెచ్చి గుమ్మం ముందు వేసి, “కట్టండి మేష్టారూ” అన్నారు.