పార్కు ప్రయాణ పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

జగిత్యాలలో తెలుగు పండితులుగా చేసి రిటైరైన మా పెద్దబాపు, కోరుట్ల పెద్దత్త ఇల్లూ సిరిసిల్ల చిన్నత్త ఇల్లూ కలిసి ఉన్న వాట్సాప్ గ్రూపులో ఒక రాత్రి ఈ ఆటవెలది పెట్టారు. తెల్లారేసరికి మూడిండ్లలో మూడర్థాలు పుట్టాయి. అందుచేత వ్యాఖ్య అవసరమైంది. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరిది మన మెదకు సీమలోని కొల్చారమే. మూలంలో లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని ఆ మహానుభావుడి నియమం. ఈ పద్యంతో ఆ నియమానికి చిక్కొచ్చింది. ఇందులో అసలు సంగతంతా కవి రాయకుండా వదిలిన చోటే ఉంది.

మూలం

ఆదివార మనగ నందరు బయలెల్లి
చెరువు కాడ పార్కు చేరవలయు
సద్ది గట్టి పిల్లసైన్యంబుతో గూడి
జల్ది రండి మీరు జాగు వలదు

ప్రతిపదార్థం

ఆదివారము + అనగన్ = ఆదివారం అనగానే; అనగా నెలజీతగాళ్లకు సెలవు దినమున, బీడీలు చుట్టేవారికీ సాంచాలు నడిపేవారికీ ఆ పూట కూలి పోవు దినమున; అందరు = మూడిండ్లవారును; బయలెల్లి = బయలుదేరి, అనగా బండి స్టార్టయ్యాక గ్యాసు బందు చేసినమా లేదా అని ఒకరు తాళం తీసి లోపలికి పోయి వచ్చిన పిమ్మట; చెరువు కాడ = నీటి ఒడ్డున గల; పార్కు = ఉద్యానవనమును; చేరవలయు = చేరుకోవలెను; సద్ది గట్టి = తిండి మూటగట్టి; పిల్లసైన్యంబుతో గూడి = పిల్లలనెడి దండుతో కలిసి; జల్ది = వేగిరముగా; మీరు రండి; జాగు వలదు = ఆలస్యము కూడదు.

‘అందరు’ అన్నచోట పెద్దత్త ఒక ఆక్షేపణ తెచ్చింది. దుబాయిలో ఉన్న ఆమె చిన్నకొడుకు ‘అందరు’లో ఉన్నట్టా, లేనట్టా? సమాధానం: ఉన్నట్టే. 2022 జనవరి నుంచి అక్కడ ప్రభుత్వ వారాంతం శని, ఆదివారాలకు మారింది. కంపెనీ వాళ్లు ఆ రోజు డ్యూటీ వేయకుంటే వీడియో కాల్‌లో నీళ్లు చూస్తాడు. ఫోన్ పట్టుకునే పని పెద్దత్తదే.

స్థల నిర్ణయం

ఏ చెరువు? కవి చెప్పలేదు. ఇక్కడ సంప్రదాయాలు చీలిపోయాయి.

జగిత్యాల సంప్రదాయం: చెరువంటే ఊరి చెరువే. చింతకుంట, మోతె చెరువు, ధర్మసముద్రం ఇంటి పక్కన పెట్టుకొని పెట్రోలెందుకు తగలెయ్యాలె? సిరిసిల్ల సంప్రదాయం: కొత్తచెరువు కట్ట మీద నడక బాట ఉంది, పార్కు ఉంది, మీరే మా ఇంటికి రండి. కోరుట్ల సంప్రదాయం: మాకు ఎటైనా దూరమే, పోయేదేదో పెద్ద నీళ్ల కాడికే పోదాం.

పెద్ద నీళ్లంటే మానేరే. ఈ ఒక్క ఏటికి మూడు ఆనకట్టలు: ఎగువన నర్మాల దగ్గర నిజాం నాటి అప్పర్ మానేరు, మధ్యన మాన్వాడ దగ్గర మిడ్ మానేరు, దిగువన కరీంనగర్ అంచున 1985లో పూర్తయిన లోయర్ మానేరు. మిడ్ మానేరు దగ్గరగా ఉంటుందని ఒకరన్నారు. చిన్నత్త వాళ్ల అత్తగారిది ఆ ముంపు ఊళ్లలో ఒకటి. “ఆ నీళ్ల కింద మా ఇల్లున్నది బిడ్డా, ఆడ కూసొని నేనేం తింట?” అని ఆమె ఒక్క మాట అన్నది. ఆ పాఠం అంతటితో పరిత్యజించబడింది.

సిద్ధాంతం: కరీంనగర్ లోయర్ మానేరు డ్యామే. కోరుట్లవారు 63వ నంబరు జాతీయ రహదారిన జగిత్యాల చేరి, పెద్దబాపును ఎక్కించుకొని 563 మీద దిగుతారు. సిరిసిల్లవారు వేములవాడ మీదుగా వస్తారు. 2016 అక్టోబరు 11న జిల్లాలు వేరు పడేదాకా ముగ్గురికీ కలెక్టరాఫీసు కరీంనగరే. కాగితాల కోసం తిరిగిన ఊరికి ఒకసారి ఊరికే పోవడంలో దోషం లేదు. పైగా డ్యాం పక్కనే ఉజ్వల పార్కు ఉంది, జింకల పార్కు ఉంది.

ఆక్షేపణ: అది డ్యాం కదా, చెరువెట్లా అవుతుంది? సమాధానం: పట్టేది 24 టీఎంసీలైనా ఒడ్డున కూర్చుని పల్లీలు తినేవాడికి అది చెరువే.

ఛందస్సు

ఆటవెలది. మొదటి, మూడవ పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండవ, నాల్గవ పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాల్గవ గణం మొదట యతి. యతి అంటే విరామం. జగిత్యాల నుంచి కరీంనగర్ పోయే దారిలో యతిస్థానం కొండగట్టు. అక్కడ ఆగకుండా పిల్లలను దాటించినవారు లేరు. దర్శనం చేసుకొని, కోతులకు కనపడకుండా కొబ్బరిచిప్ప దాచుకొని తిరిగి బండెక్కేసరికి పద్యంలోని ‘జల్ది’ చెల్లిపోతుంది. యతిభంగం కవికి దోషం, యతి పాటించడం ప్రయాణానికి ఆలస్యం.

అలంకారం

‘పిల్లసైన్యంబు’ రూపకం. పిల్లలను సైన్యంగా ఆరోపించడం వల్ల సేనాపతి ధర్మాలు పెద్దలకు సంక్రమిస్తాయి. దిగగానే ఒకసారి, ఎక్కేముందు ఒకసారి తలలు లెక్కించాలి. ఇద్దరు పిల్లలకు ఒక పెద్దమనిషి, ఆ మనిషి చేతిలో ఫోనుండరాదు. కట్ట వాలు రాళ్ల మీద నాచు పట్టి ఉంటుంది, దిగనియ్యరాదు. లైఫ్ జాకెట్ లేనిదే పడవ ఎక్కించరాదు. గేట్లు ఎత్తే రోజుల్లో దిగువ ఏట్లో నీరు చూస్తుండగానే పెరుగుతుంది, అటు పోనే పోరాదు. మన చెరువు కట్టల మీద కట్టమైసమ్మను నిలిపిన పెద్దలు నీటికి భక్తి ఒక్కటే కాదు, భయం కూడా నేర్పారు.

విశేషాలు

నీటి ఒడ్డున తినడం పార్కులతో వచ్చిన ఆచారం కాదు. సద్దుల బతుకమ్మ నాడు పూలను నీళ్లలో సాగనంపి, కట్ట మీదనే సత్తుపిండి పంచుకుంటారు. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలుంటాయి. ఇదే ప్రమాణం.

ఇక ‘సద్ది గట్టి’ అనే రెండు మాటల్లో ఎంత పనుందో చూడాలి. మా ఇంట సద్ది అంటే పులిహోర, మక్కగారెలు, సర్వపిండి. సర్వపిండికి బియ్యప్పిండిలో నానిన శెనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం కలిపి, సర్వ లోపలి గోడలకు పలుచగా అద్ది, వేలితో బెజ్జాలు పెట్టి, బెజ్జానికో నూనె చుక్క వెయ్యాలి. ఒకటి దిగినాక సర్వ చల్లారితే తప్ప రెండోది అద్దరాదు, చేయి కాలుతుంది. మూడిండ్ల మందికి ఇట్లా వండాలంటే కోడి కూయకముందే పొయ్యి అంటించాలి. పద్యం జల్ది అంటుంది. సర్వ వినదు.

ధ్వని

పద్యానికి గ్రూపులో పెద్దమ్మ ఇచ్చిన జవాబు ఒక్కటే: “మంచిగనే ఉన్నది. మక్కలెవరు ఒలుస్తరు?” మూడిండ్లలో ఇంకెవరూ తీయని ఆక్షేపణ ఇది. ‘గట్టి’కి కర్త ఎవరు?

పెద్దబాపు పక్షం: లోకప్రసిద్ధం కనుక కర్తను చెప్పనక్కరలేదు. ఇది నిలువదు. ‘కట్టి’ క్త్వార్థకం. క్త్వార్థకానికీ ప్రధాన క్రియకూ కర్త ఒక్కరే కావాలి. ప్రధాన క్రియ ‘రండి’, దాని కర్త ‘మీరు’. కాబట్టి వచ్చేవారే కట్టాలి, కట్టనివారు రారాదు. ‘మీరు’లో కవి లేడు కదా అంటారా? మొదటి పాదంలోని ‘అందరు’లో ఉన్నాడు. తప్పించుకోవడానికి వ్యాకరణం ఎక్కడా సందు ఇవ్వలేదు.

తాత్పర్యం

ఆదివారం నాడు మూడిండ్లవారు, ఎవరి వంతు వంట వారు చేసి, పిల్లలను కనిపెట్టుకొని లోయర్ మానేరు ఒడ్డుకు చేరుకోవాలని భావం.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్య చదివినవారికి ఎండ ముదరకముందే పార్కు చేరుట, నీడన జాగ దొరుకుట, చెప్పుల జతలు తప్పకుండుట సిద్ధించును. ఇట్లాంటి పద్యాలు రాయబోయే పెద్దలకు ఒక మనవి. ముందు ఏ డబ్బా ఎవరు తేవాలో పేర్లతో సహా గ్రూపులో పెట్టండి, మొదటి పేరు మీది రాసుకోండి. గణాలు తరువాత చూసుకోవచ్చు.