ఒక రేసింగ్ సూటు ఆత్మకథ

చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతమున ప్రొద్దుటూరి పొలిమేరలోని టమాటా తోటలో ఒక కఱ్ఱకు తగిలింపబడి పిట్టలను బెదరించుచున్న నేను పుట్టుకతో దిష్టిబొమ్మను కాను. నిప్పు సోకినను కరగి ఒంటికి అంటుకొనని నోమెక్స్ వస్త్రముతో కుట్టబడిన రేసింగ్ సూటును. తయారీ ముచ్చట అంతటితో చాలును. నా వ్యథ యంతయు నా రొమ్ముమీది జానెడు ఖాళీ జాగాలోనే కలదు.

1968లో లోటస్ జట్టు తన కార్లకు గోల్డ్ లీఫ్ సిగరెట్ల రంగులు పూయగా, ఆ రంగులతోనే గ్రాహం హిల్ స్పెయిన్ గ్రాండ్ ప్రీ గెలిచెను. నాటినుండి కారు ముక్కు మొదలు నడుపువాని భుజము దాక సర్వమును అమ్మకపు సరుకే. నారాయణ్ కార్తికేయన్ అంతటివాడు 2011లో హిస్పానియా జట్టుతో ఫార్ములా వన్‌కు మరలి వచ్చినప్పుడు సయితము కారుమీద టాటా పేరు వెంట వచ్చెను. నా యజమాని కుఱ్ఱవానికి అట్టి అండ లేదు. హైదరాబాదు వాడగు అనిందిత్ రెడ్డి జాతీయ టైటిళ్ళు గెలిచిన ముచ్చట విని, గెలిచినచో డబ్బు తానే వచ్చునని ఇతడు నమ్మెను. గెలుపునకు సాధన, సాధనకు టైర్లు, టైర్లకు డబ్బు వలయునుగదా! టైర్ల కంపెనీలు పోటీని పోషించునేగాని, ఇరుంగాట్టుకోట ట్రాకుమీద కారెక్కుటకు రుసుము చెల్లింపవలసినవాడు పోటీదారుడే.

ఒకనాడతడు నన్ను సిమెంటు దుకాణపు బల్లమీద పఱచి, తన ల్యాప్ టైములు సెకనులో వేయవవంతు దాక ఏకరువు పెట్టెను. సేటు నా రొమ్ముమీద వేలుంచి, "టీవీల జూపిస్తరా తమ్మీ? ఎంతమంది జూస్తరు?" అని మాత్రమే అడిగెను. మూటలమ్ముకొను వానికి ల్యాప్ టైములేల? మీ డీలర్లను పందెమునాడు పిట్‌లోనికి తోడ్కొనిపోయి కారుచెంత ఫొటోలు తీయించెదనని చెప్పియుండిన, రొమ్ము కాకున్నను వీపైనను అమ్ముడుపోయెడిది. జాలిచేత సేటు కుడిచేతికి బ్యాడ్జీ ఒకటి ఇచ్చెను. పాపము, కుఱ్ఱవాని తల్లి దానిని మామూలు దారముతో పొరలన్నియు కలిపి గట్టిగా కుట్టెను. పైపొరను మాత్రమే, అదియు మంటకోర్చు దారముతోనే కుట్టవలెనన్న నియమము ఆమె కెట్లు తెలియును? తనిఖీలో నన్ను త్రోసిపుచ్చిరి. ఆ పందెము అతడు ఎరవు సూటుతో నడిపెను.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ గట్టున ‘ఫార్ములా ఈ’ కార్ల పందెము జరిగినప్పుడు ఇంటిల్లిపాదికిని ఆశ చిగిర్చెను. మఱుసటి యేడు జరుగవలసిన పోటీ రద్దయ్యెను. అర ఎకరము అమ్మి కుఱ్ఱవాడు ఇంకొక సీజను నడిపెను, పిమ్మట ఉద్యోగమునకు పోయెను. నేను మొదట ట్రంకుపెట్టెలోనికి, తరువాత గోనెసంచుల క్రిందికి, ఎలుకలు మోకాళ్ళు కొఱికిన పిదప ఈ తోటకును చేరితిని.

బాట ప్రక్కన నిలిచితిని గనుక రాకపోకల కార్లవారందఱును నన్ను చూచుచున్నారు. మొన్న ఎవడో ప్లాట్ల వ్యాపారి తోటవానితో మాటయైన చెప్పక, నా రొమ్ముమీద తన వెంచరు అట్టను, ఫోను నంబరుతో సహా, నాలుగు పిన్నీసులతో గుచ్చిపోయినాడు. పైస ఇయ్యలేదు.